పావుగంట వెనక ముహూర్తం

మామిడికుదురు చుట్టుపక్కల ఏ ఇంట పెళ్లి జరిగినా, పీటల పక్కన తాతారావుకో కుర్చీ వెయ్యాల్సిందే. ఆయన తన కీ వాచీ ఎత్తి చూసి "కానివ్వండి!" అంటేనే జీలకర్ర బెల్లం నెత్తికెక్కేది. ఆస్తి లేదు, పదవి లేదు. ఊళ్లో ఆయనకున్న మర్యాదల్లా ఆ కుర్చీయే.

గల్ఫు నుంచి వచ్చిన విజయకుమార్ ఒక పెళ్లిలో తన బ్యాటరీ వాచీ చూసుకుని, "ముహూర్తం దాటి పావుగంటయ్యిందండీ బాబాయిగారూ" అనేశాడు. అదీ అందరూ వింటూండగా! తాతారావుకి తల కొట్టేసినట్టయింది. మర్నాడే అమలాపురం వెళ్లి, వాచీలు బాగుచేసే సాలమోను చేత పైడబ్బా, డయలూ అలాగే ఉంచి లోపలి మిషనంతా కొత్తది వేయించుకున్నాడు. వాచీ రేడియోతో సమానంగా నడిచింది. ఆయన రొమ్ము విరుచుకుని నడిచాడు.

కొత్త మిషనుతో జరిగిన మొదటి పెళ్లిలో, విస్తళ్లు వెయ్యకముందే పెళ్లికొడుకు అలిగి మోటారు సైకిలెక్కి పోయాడు. ఇంకేం, ఊరికి సంగతి తేలిపోయింది. ఇన్నాళ్లూ ఆలస్యంగా కట్టిన పుస్తెలన్నీ గట్టిగానే ఉన్నాయి కదా!

ఆ వారమే గోవిందరాజులు వచ్చాడు. ఆయన కూతురు ప్రశాంతి పెళ్లి.

"పాత మిషనుందాండీ, తాతారావు గారూ?"

"సాలమోను దగ్గరుందండి. దానికేవుంది, దీన్నే పావుగంట వెనక్కి తిప్పేస్తాను."

"అబ్బెబ్బే! కావాలని తిప్పితే మోసవండి. అదంతటది వెనకబడాలండి."

"ఆయ్" అన్నాడు తాతారావు. గోవిందరాజులు అట్నుంచటే అమలాపురం బస్సెక్కాడు.

పెళ్లినాడు ఆ కుర్చీలో సాలమోను కూర్చున్నాడు, మెడలో సిలువ గొలుసుతో. ఒళ్లో ఇత్తడి పళ్లెం, అందులో బియ్యం మీద పాత మిషను. అరువు ముళ్లు, కాగితం డయలు. పొద్దున్నే రేడియోతో కలిపి తెచ్చినా, పాపం, అది ఎప్పట్లాగే వెనకబడుతోంది. పెళ్లికూతురి తల్లి భవానీదేవి దానికి బొట్టు పెట్టబోయింది.

"ముట్టుకోకండమ్మా, ఇప్పుడే ఆయిలేశాను" అన్నాడు సాలమోను.

తాతారావుకి వెనక బల్ల మీద, వంటల గాడిపొయ్యి పక్కన చోటు దొరికింది. ఏడుపొచ్చేంత ఉక్రోషంగా ఉంది. అక్షింతలు పంచారు. చేతి వాచీ చూసుకున్నాడు. సరిగ్గా ముహూర్తం. ఎవరూ కదల్లేదు. "కానివ్వండి" అని తనలో తనే అనుకున్నాడు. లేచి గుప్పెట్లో అక్షింతలు ఒక్కడే విసిరాడు. పందిరంతా వెనక్కి తిరిగి చూసింది. ముందు వరుసలో ఆయన భార్య సత్యవేణి సిగ్గుతో తల దించుకుంది.

చాలాసేపటికి సాలమోను "కానివ్వండి!" అన్నాడు. సన్నాయి అందుకుంది. అందరి చేతులూ లేచాయి. తాతారావూ లేపాడు, ఉత్త చెయ్యి.