కోర్టు వీధి ఫ్యూజు

ఆ వేసవి మధ్యాహ్నం మత్వల్లీ కోర్టు వీధిలో ఏడో స్తంభం మీద ఉన్నాడు. ఆ వీధి ఫ్యూజు అతని జేబులో ఉంది. మిన్యత్ జిస్ర్ పట్టణంలో కరెంటు పనివాళ్లందరూ పాటించే కట్టుబాటు అది. స్తంభం ఎక్కేవాడు తన చేత్తో ఫ్యూజు పీకి జేబులో వేసుకుంటాడు. దిగాక తన చేత్తోనే తెచ్చి ఇస్తాడు. ఆ పింగాణీ ముక్క వెనక్కి రాలేదంటే మనిషి ఇంకా పైనే ఉన్నట్టు. ఏ ఇంజినీరూ రాసిపెట్టింది కాదు. చచ్చినవాళ్లను చూసి బతికినవాళ్లు నేర్చుకున్నది.

కోర్టు వీధి చివర ఉన్న ఫ్యూజు పెట్టెల గదికి కాపలా షహాతా. కరెంటు ఆఫీసు అధికారి ఫహ్మీ అఫందీ చెమటలు కక్కుకుంటూ ఆ గదిలోకి వచ్చాడు.

"కరెంటు వెయ్యి. మంత్రిగారు వచ్చి కోర్టు హాల్లో కూర్చున్నారు. పంకాలు తిరగట్లేదు."

"మత్వల్లీ పైనున్నాడు అఫందీ. ఫ్యూజు వాడి దగ్గరే ఉంది."

"దిగిపోయాడు. నేను చూసే వచ్చాను." అఫందీ కోటు జేబులోంచి కొత్త ఫ్యూజు తీశాడు. "ఇదిగో, పెట్టు."

"దిగితే ఇక్కడికి వచ్చేవాడుగా. ఒక్క నిమిషం ఆగండి, వెళ్లి చూసొస్తా."

"నా మాట మీద నమ్మకం లేదా? అయితే రేపట్నుంచి ఈ కుర్చీలో ఇంకొకడు కూర్చుంటాడు. గేటు బయట నిలబడ్డవాళ్లని చూశావుగా?"

షహాతా చూశాడు. యుద్ధం ముగిసి ఇంగ్లీషువాళ్ల క్యాంపులు మూతపడ్డాక పని పోయినవాళ్లు రోజూ తెల్లారేసరికి అక్కడుంటారు. ఇంట్లో ఐదుగురు పిల్లలు. అతని చెయ్యి ఫ్యూజు అందుకుని పెట్టెలో దూర్చింది.

వీధిలో కేక వినబడింది. ఆ కేక మత్వల్లీది కాదు. మత్వల్లీకి కేక వేసే వ్యవధి కూడా దొరకలేదు. కింద దోసకాయలు అమ్ముకునే ముసలావిడ వేసిన కేక అది. నడుముకు కట్టుకున్న తోలు పట్టీ ఊడలేదు కాబట్టి మనిషి కింద పడలేదు. తీగల పక్కన తల వాల్చి వేలాడాడు. షహాతా ఫ్యూజు పీకబోతే పోలీసులు అడ్డుపడ్డారు. మంత్రిగారి ఉపన్యాసం అయ్యేదాకా పంకాలు ఆగడానికి వీల్లేదన్నారు. అరగంట సేపు ఆ వీధి మొత్తం తలెత్తి చూస్తూ నిలబడింది.

మర్నాడు పొద్దున్నే అఫందీ ఒక కాగితం చదివి వినిపించాడు. 'మృతుడు ఫ్యూజు తీయకుండా, నిర్లక్ష్యంగా స్తంభం ఎక్కెను.'

"వేలిముద్ర వెయ్యి."

"అది అబద్ధం కదా అఫందీ."

"నిజం కావాలా? పెట్టింది నీ చెయ్యి. నేనా గదికి రానేలేదు. ఎవరు చూశారు?" అఫందీ గొంతు మెత్తబడింది. "చచ్చినవాడి మీద తప్పు వేస్తే వాడికేం నొప్పి పుట్టదు షహాతా. రేపు విచారణ. పొద్దున్నకల్లా వేలిముద్ర నాకు అందాలి."

ఆ సాయంత్రం మత్వల్లీ ఇంటి ముందు పరామర్శ డేరా వేశారు. కరెంటు పనివాళ్లు బెంచీల మీద వరసగా కూర్చుని చక్కెర లేని కాఫీ తాగుతున్నారు. షహాతా చివరి బెంచీలో ఉన్నాడు. అతని కప్పు నిండుగానే ఉంది.

మగవాళ్లు కూర్చున్న చోటికి ఆడవాళ్లు రారు. మత్వల్లీ భార్య నబవియ్య తిన్నగా లోపలికి వచ్చింది. చేతిలో పింగాణీ ఫ్యూజు ఉంది.

"ఆసుపత్రి నుంచి ఆయన బట్టలు పంపారు. జేబులో ఇది దొరికింది. ఆఫీసువాళ్లేమో ఫ్యూజు తియ్యకుండా ఎక్కాడంటున్నారు. ఇది ఇక్కడుంటే పెట్టెలో ఉన్నదేంటి? మీ పని సంగతి నాకు తెలీదు. తెలిసినవాళ్లు చెప్పండి."

తలలన్నీ షహాతా వైపు తిరిగాయి.

"నేనే పెట్టాను వదినా." అతను లేచి నిలబడ్డాడు. "అఫందీ కొత్తది తెచ్చాడు. దిగిపోయాడన్నాడు. నేను నమ్మలేదు. నమ్మకుండానే పెట్టాను."

మత్వల్లీతో పాటు స్తంభాలెక్కే జైన్‌హుమ్ బెంచీ దాటి దూకి షహాతా చెంప పగలగొట్టాడు. "కుక్కా! నీ కూతురి పెళ్లికి దీపాలన్నీ వాడే కట్టాడు కదరా!"

"ఇంకోటి కూడా కొట్టు." అందరికంటే పెద్దవాడు, అందరూ ఉస్తా అని పిలిచే మేస్త్రీ బయ్యూమీ అన్నాడు. "తర్వాత వచ్చి నన్నూ కొట్టు."

"నువ్వేం చేశావు ఉస్తా?"

"మూడేళ్ల కింద, దూది గోదాముల వీధి. ఇదే అఫందీ. ఆ రోజు గది కాపలా నాది. ఇలాగే కొత్త ఫ్యూజు. నేను పెట్టాను. పైనుండాల్సినవాడు అప్పుడే దాహమేసి దిగాడు కాబట్టి బతికాడు. వాడెవడో చెప్పనా? నువ్వే."

జైన్‌హుమ్ వెళ్లి బెంచీ మీద కూర్చున్నాడు. అతని పక్కనున్న మనిషి నేల చూస్తూ అన్నాడు. "పోస్టాఫీసు దగ్గర… నేనూ ఒకసారి." వెనక బెంచీలోంచి ఇంకో గొంతు. తర్వాత ఇంకోటి.

"అంటే అందరికీ తెలుసు." నబవియ్య ఒక్కొక్కరి ముఖం చూసింది. "ఎవడికి వాడు కడుపులో దాచుకున్నారు. ఎవడూ చావలేదు కాబట్టి గండం గడిచిందనుకున్నారు. మరి మా ఆయన? ఆయనా పెట్టాడా ఎప్పుడైనా?"

బయ్యూమీ జవాబిచ్చాడు. "పెట్టాడమ్మా."

ఆమె అక్కడే బెంచీ చివర కూర్చుంది. ఎవరూ ఆమెను లోపలికి వెళ్లమనలేదు.

"ఊరంతా చీకటి చేసేద్దాం!" జైన్‌హుమ్ అరిచాడు.

"ఆసుపత్రిలో కత్తి పట్టుకున్న డాక్టరుకి కూడానా?" బయ్యూమీ కసిరాడు. "నీళ్ల పంపు ఆగితే ముందు ఎండేది మన వీధి కుళాయే. కోర్టు వీధి ఒక్కటీ చాలు. కోర్టు, మునిసిపాలిటీ, గవర్నరు బంగళా, అన్నీ దాని మీదే ఉన్నాయి."

"అఫందీ దగ్గర కొత్త ఫ్యూజులు పెట్టెడున్నాయి ఉస్తా. మనం పీకితే వాడు మళ్లీ పెడతాడు," అన్నాడు ఒక పనివాడు.

"మీరు పైనున్నా పెడతాడా?" నబవియ్య అడిగింది. "ఊరంతా చూస్తుంటే పెడతాడా?"

మర్నాడు విచారణలో షహాతా వేలిముద్ర వెయ్యలేదు. జరిగింది జరిగినట్టు చెప్పాడు. 'నేను చూసే వచ్చాను' అన్న అఫందీ మాటను మాత్రం రెండుసార్లు చెప్పాడు. అతను చెబుతుండగానే నెత్తిన పంకా నెమ్మదించి ఆగిపోయింది. అఫందీ బయటికి పరుగెత్తాడు. విచారణ అధికారి కాగితాలతో విసురుకుంటూ, నేరం ఒప్పుకున్నవాడు ఒక్కడే కనబడుతున్నాడని చెప్పి, షహాతాకు బేడీలు వెయ్యమన్నాడు.

బయటికి తీసుకొస్తే షహాతాకు మొదట ఏమీ అర్థం కాలేదు. జనం తలెత్తి చూస్తున్నారు. కోర్టు వీధిలో పదకొండు స్తంభాలు. పదకొండింటి మీదా మనుషులు. మొదటి స్తంభం మీద, వీధి ఫ్యూజు జేబులో వేసుకుని బయ్యూమీ, ఏడో దాని మీద జైన్‌హుమ్. స్తంభాల కింద హైస్కూలు విద్యార్థులు పోలీసులకు అడ్డంగా చేతులు కలిపి నిలబడ్డారు.

ఫ్యూజుల గది తలుపు బార్లా తెరిచి ఉంది. అఫందీ కొత్త ఫ్యూజు పట్టుకుని ఒక పోలీసును బతిమాలుతున్నాడు.

"నువ్వు పెట్టు."

"నాది లాఠీ పని అఫందీ. అది మీ పని."

గుమ్మంలో కూర్చున్న నబవియ్య పక్కకి జరిగింది. "వెళ్లు, పెట్టు. పైన ఎవరూ లేరని చెప్పు. నువ్వు చూసే వచ్చావుగా."

అఫందీ పెట్టె దాకా వెళ్లాడు. చెయ్యెత్తాడు. కిటికీలో, గుమ్మంలో, గోడ మీద అన్నీ ముఖాలే. ఎత్తిన చెయ్యి అలాగే కిందికి దిగింది.

"దిగండి! దిగకపోతే కాలుస్తాం!" పోలీసు అధికారి వీధి మధ్యకొచ్చి అరిచాడు.

"స్తంభం మీద మనిషి ఉండగా కరెంటు వెయ్యబోమని రాసి సంతకం పెట్టండి!" బయ్యూమీ పైనుంచి అన్నాడు. "షహాతాకి ఆర్డరు ఇచ్చిందెవరో కూడా అందులో రాయండి. రాసి పైకి పంపండి. దిగుతాం."

"చదవడం వచ్చా నీకు, ముసలోడా?"

"నాకు రాదు. వచ్చిన పిల్లలు నీ వెనకే ఉన్నారు!"

వీధి గొల్లున నవ్వింది.

షహాతాను పోలీసు లారీ ఎక్కిస్తుంటే నబవియ్య దగ్గరికొచ్చింది. అతను తల ఎత్తలేకపోయాడు.

"నీ ఇంట్లో పొయ్యి ఆరదు. ఆ పూచీ మా అందరిదీ," అంది. "క్షమించడం సంగతి వేరు. అది నన్ను అడగొద్దు."

"అడగను వదినా."

లారీ కదిలింది. తుపాకులు పైకి గురిపెట్టే ఉన్నాయి. ఒక్కడూ దిగలేదు. కింద ఆడవాళ్లు తాళ్లకు రొట్టెల మూటలు కడుతుంటే పైవాళ్లు లాక్కుంటున్నారు. వీధి మలుపులో లారీ ఆగిపోయింది. నీళ్ల పంపుల పనివాళ్లు, రోడ్డు పనివాళ్లు భుజాల మీద నిచ్చెనలతో, వీధి నిండుగా, కోర్టు వైపు వస్తున్నారు. డ్రైవరు హారను మోగించాడు. ఎవరూ పక్కకి తప్పుకోలేదు. వాళ్లంతా వెళ్లేదాకా లారీయే పక్కకి తప్పుకుని నిలబడింది.