ఎవరూ చూడని ఎక్స్‌రేలు

మా కోరుట్లలో బీడీలు చుట్టే ఆడవాళ్లకు ఒక నమ్మకం ఉంది. కార్ఖానాలో చెకర్ కట్ట విప్పి చూస్తాడు. ఏమన్నా అన్నాడంటే బీడీ చెడ్డట్టు. ఏమీ అనలేదంటే మంచిదే. ముప్పై ఏళ్లు ఇలా బతికిన మా అమ్మ బాలమణి, ఎక్స్‌రే విషయంలోనూ అదే నమ్మింది.

పోయిన దసరా ముందు బీడీ కంపెనీ వాళ్లు బస్సులో మిషన్ తెచ్చి, మా వాడలో నలభై రెండు మందికి ఛాతీ ఎక్స్‌రేలు తీశారు. బ్యానర్ కింద నిలబెట్టి ఫొటోలూ తీసుకున్నారు. పదిహేను రోజుల్లో రిపోర్టులొస్తాయన్నారు. రాలేదు. వెళ్లి అడుగుదామంటే అమ్మ నన్నే తిట్టింది. చెడుంటే చెప్పకపోదురా అని, దగ్గుతూనే అంది. తనూ ఎక్స్‌రే తీయించుకున్న పక్కింటి లస్మవ్వదీ అదే ధైర్యం. ఉగాది దాటగానే చనిపోయింది. డిగ్రీ చదివి కూడా నోరు మూసుకున్నందుకు నాకు ఇప్పటికీ సిగ్గే.

మొన్న వినోద్ అనే కంపెనీ ఆఫీసర్ కాగితాలు పట్టుకుని మా ఇంటికొచ్చాడు. కంపెనీ చేసిన సేవ గురించి హైదరాబాదులో పుస్తకం వేస్తారట, అందరూ వేలిముద్రలు వేయాలట. ఆడవాళ్లంతా పోగయ్యారు. అమ్మ నన్ను చదవమంది. రిపోర్టు అందింది, వైద్యం అందింది, తృప్తిగా ఉన్నాను అని ఉంది. లస్మవ్వ పేరు మీదా ఒక కాగితం ఉంది. ఆమె బదులు కూతురు అక్షిత సంతకం పెడితే చాలన్నాడు.

అమ్మ ముఖం మారిపోయింది. ఆ ఎక్స్‌రేలు ఏ డాక్టర్ చూశాడని అడిగింది. వినోద్ కాగితాలు సర్దుకుంటూ, ఎవరూ చూడలేదని, ఫిల్ములు ఆఫీసులో డబ్బాలోనే ఉన్నాయని ఒప్పుకున్నాడు. పైగా ఇది కంపెనీ తన ఇష్టంతో చేసే సేవ, అడిగే హక్కు ఎవరికీ లేదన్నాడు. పుణ్యానికి పుట్టెడిస్తే పిచ్చకుంచమని పోట్లాడినట్టుంది మీ తీరు అని దెప్పాడు కూడా. నాకు ఒళ్లు మండిపోయింది.

"పుట్టెడు ఏడ ఇచ్చిండ్రు సారూ? ఫొటోలు దిగి పోయిండ్రు. మేం చుట్టిన బీడీ ఒక్కొక్కటి పట్టి చూస్తరు. మా ఛాతీలు ఎందుకు చూడలే?" అంది అమ్మ.

ప్రతి కాగితం మీదా 'ఏమీ అందలేదు' అని నాతో రాయించింది. అలాగైతే వచ్చే ఏడు క్యాంపే ఉండదని వినోద్ బెదిరించాడు. ముద్ర వేయబోతున్న మా వాడ లింగవ్వ వేలు వెనక్కి తీసుకుంది. ఎవరూ చూడని క్యాంపు వచ్చినా ఒకటే, రాకున్నా ఒకటే అని అమ్మ ఆమెకు నచ్చజెప్పింది. అందరూ ముద్రలు వేశారు. డబ్బా మా చేతికిచ్చేదాకా కార్ఖానాలో ఒక్క కట్ట కూడా దింపేది లేదని చెప్పి పంపారు.

మూడు రోజులు ఎవరూ బీడీలు తీసుకుపోలేదు. మా ఇంట్లో కారం మెతుకులే తిన్నాం. అయినా ఎవరూ మెత్తబడలేదు. నాలుగో రోజు డబ్బా వచ్చింది.

దాన్ని తీసుకుని అమ్మ, నేను, అక్షిత జగిత్యాల ఆస్పత్రికి పోయాం. అమ్మ తన ఫిల్ము పక్కన పెట్టి, లస్మవ్వది ముందు చూడమని ఇచ్చింది. డాక్టర్ దాన్ని వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు.

"ఈమెకు వెంటనే మందులు మొదలుపెట్టాలె. ఏది, రాలేదా?"

అక్షిత తల దించుకుంది. అమ్మ బల్ల మీదున్న తెల్లకాగితం డాక్టర్ ముందుకు జరిపింది.

"గా మాటనే దీని మీద రాసియ్యున్రి సారూ."