కాళ్ల మేస్త్రి తీర్పు

తాను ఇంత సాఫీగా అబద్ధం ఆడగలనని కాళ్ల మేస్త్రికి ఆ రోజు భోజనాల దగ్గరే తెలిసింది.

"దండగత్తయ్యా," అన్నాడు మంచినీళ్ల గ్లాసు కింద పెడుతూ. "అన్ని పాఠాలూ చూశాను. మన వర్క్‌షాపులో వీడు రోజూ చేసేదే అక్కడ బొమ్మలు గీసి చెబుతున్నారు. దానికోసం మీరు కొట్టు అమ్ముకోవడం ఎందుకు?"

ఎదురుగా కూర్చున్న బావమరిది తలెత్తలేదు. కంచంలో వేళ్లు ఆగిపోయాయి, అంతే. అత్తగారు ఒకసారి కొడుకు వంకా, ఒకసారి అల్లుడి వంకా చూసి, సరే అయితే అని లేచి చెయ్యి కడుక్కుంది. ఒక మనిషి పై చదువును కంచాలతో పాటు ఎత్తేశారు.

ప్రమాదాల్లోనో షుగరు ముదిరో కాలు పోగొట్టుకున్నవాళ్లకు కృత్రిమ కాళ్లు తయారుచేయడం మేస్త్రి వృత్తి. ఊళ్లో అందరి కాళ్లూ పట్టుకునేవాణ్ని నేనొక్కణ్నే అని ఆయనే జోకులేసేవాడు. భార్య తమ్ముణ్ని చదువు కాగానే పనిలో పెట్టుకున్నాడు. వాడికి ప్లాస్టరు కలపడం దగ్గర్నుంచి కాలు నడిపించి చూడడం దాకా అన్నీ తనే నేర్పాడు. వచ్చేవాళ్లు వాణ్ని చిన్న మేస్త్రి అంటుంటే మొదట్లో మురిసిపోయాడు కూడా.

ఆ చిన్న మేస్త్రికి ఇప్పుడు విదేశంలో, ఈ కాళ్ల చదువే చెప్పే యూనివర్సిటీలో సీటొచ్చింది. వెళ్లాలంటే అత్తగారికున్న ఒక్క కొట్టూ అమ్మాలి. దాని అద్దెతోనే ఆవిడ ఇల్లు గడుస్తోంది. అమ్మాక చదువు అక్కరకు రాకపోతే చేతిలో ఏమీ మిగలదు. అందుకే ఆవిడ బరువంతా అల్లుడి మీద పెట్టింది. వాడికి పని నేర్పింది మీరు, ఆ చదువులో సరుకుందో లేదో మీకు తెలిసినట్టు మాకెవరికీ తెలియదు, మీరు ఊఁ అంటే అమ్ముతాను, ఊహూఁ అంటే మానేస్తాను అంది.

సీటొచ్చినవాళ్లు చూసుకోవడానికి యూనివర్సిటీ కొన్ని పాఠాల వీడియోలు పంపింది. బావమరిది తన ల్యాప్‌టాప్ తెచ్చి మేస్త్రి ముందు పెట్టి, తాను మాత్రం చూడనన్నాడు. చూస్తే వెళ్లాలన్న యావ ఇంకా పెరుగుతుందట.

"నాకైతే అన్నీ మంచిగానే కనబడతాయి బావా. నువ్వు చూసి చెప్పు. నువ్వు వద్దంటే ఇంక ఆ ఊసెత్తను."

మేస్త్రికి అప్పటికే కడుపులో ఒక మంట ఉంది. నెల కిందట ఒక లారీ డ్రైవరు కాలు సరిచేయించుకోవడానికి వచ్చాడు. మేస్త్రి లేచి ఎదురెళితే, "మీకెందుకు శ్రమ, చిన్న మేస్త్రి వచ్చాక చూపిస్తాలెండి" అని బల్ల మీద కూర్చున్నాడు. అతను మర్యాదగానే అన్నాడు. మేస్త్రికి మాత్రం ఆ మాట చెప్పులో రాయిలా అప్పట్నుంచీ గుచ్చుకుంటూనే ఉంది.

అందుకే తప్పులు దొరుకుతాయనే ఆశతో వీడియోల ముందు కూర్చున్నాడు. మొదటి పాఠం చప్పగా సాగింది. రెండోది చూస్తూ రెండుసార్లు ఆవలించి, ఓస్ ఇంతేనా అనుకున్నాడు. మూడోది అచ్చు తీయడం గురించి.

మేస్త్రి గొప్పంతా అచ్చులోనే ఉంది. మనిషిని స్టూలు మీద కూర్చోబెట్టి, తెగగా మిగిలిన కాలి మొండికి తడి ప్లాస్టరు పట్టీ చుట్టి, మోకాలి కింద రెండు బొటనవేళ్లతో ఒత్తిపట్టి గట్టిపడేదాకా కదలకుండా ఉంటాడు. కాలు దిగే గిన్నె, అంటే సాకెట్టు, ఆ అచ్చును బట్టే తయారవుతుంది. ఈ బొటనవేళ్లు ఇంకొకరికి రావు అనేవాడు. వీడియోలో తనకన్నా వయసులో చిన్నదైన ఒక టీచరు మనిషిని అసలు కూర్చోబెట్టనే లేదు. నిలబెట్టింది. పట్టీ చుట్టిన కాలిని నీళ్లు నింపిన డబ్బాలోకి దించమంది. డబ్బా మూతికి రబ్బరు షీటును, మధ్యలో వదులుగా ఉండేలా, అంచుల్లో బిగించారు. మనిషి బరువంతా మోపితే నీళ్లు రబ్బరు వెనక నుంచి అన్ని వైపులా ఒకేలా ఒత్తాయి. నడిచేటప్పుడు కండ ఎలా ఉంటుందో అచ్చు అలాగే గట్టిపడింది. బొటనవేళ్ల పని లేనేలేదు.

మేస్త్రి ల్యాప్‌టాప్ మూసేశాడు. తెరిచి మళ్లీ చూశాడు.

ఆ టీచరు చుట్టూ నిలబడ్డ పిల్లల్ని చూస్తుంటే ఆయనకు ఒళ్లు మండింది. ఒకడు పట్టీ తప్పుగా చుట్టాడు. ఆవిడ నవ్వి, విప్పేసి మళ్లీ చుట్టమంది. మేస్త్రి పని నేర్చుకున్న చోట అలాంటి తప్పుకు చెయ్యి వాచేది. ఏళ్ల తరబడి నేల ఊడిస్తే గాని ప్లాస్టరు ముట్టుకోనివ్వలేదు. వీడు మాత్రం వెళ్లీ వెళ్లగానే, చొక్కాకు మరకైనా అంటకుండా, అదంతా నేర్చేసుకుంటాడు. తిరిగొచ్చాక బల్ల మీద కూర్చునేవాళ్లంతా వాడికోసమే ఎదురుచూస్తారు. మేస్త్రి పట్టీలు తడిపి అందిస్తుంటాడు.

ఆ మర్నాడే భోజనాల దగ్గర దండగ అన్నాడు.

బావమరిది నిజంగానే ఆ ఊసెత్తలేదు. శుక్రవారం సాయంత్రంలోపు ఒప్పుకోకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. వద్దని రాయడానికి చేతులు రాక, దానంతటదే పోతుందిలే అని అక్కతో అన్నాడట. మేస్త్రికి ప్రాణం తేలికపడాలి. పడలేదు. మధ్యాహ్నం బావమరిది భోజనానికి వెళ్లగానే షట్టరు సగం దించి, ఇంకా తన దగ్గరే ఉండిపోయిన ల్యాప్‌టాప్‌లో మూడో పాఠం మళ్లీ పెట్టుకునేవాడు. భార్య ఫోను చేస్తే సామాను చూసుకుంటున్నానని చెప్పేవాడు.

బుధవారం మీటరమ్మ వచ్చింది. వీధి వీధీ తిరిగి కరెంటు మీటర్లు చూసే ఆవిడ. మోకాలి కింద కాలు పోయింది. మేస్త్రి చేసిచ్చిన సాకెట్టుకు మెట్లెక్కితే చాలు పుండు పడుతోంది. సరిచేసి ఇచ్చినా మళ్లీ పడింది.

"ఏమనుకోకండి మేస్త్రిగారూ. వేరేచోట చూపించుకుందామనుకుంటున్నా," అందావిడ కట్టు విప్పి చూపిస్తూ.

బావమరిది సామాను కొనడానికి బజారుకు వెళ్లాడు. మేస్త్రి ఆ పుండు వంక చూశాడు. వెనక గదిలోకి వెళ్లి, బకెట్టు మూతికి రబ్బరు షీటు బిగించి నీళ్లు నింపాడు. చేతులు ఎక్కడా తడబడలేదు. ఆ పాఠం అంతగా కంఠతా వచ్చేసింది. మీటరమ్మను నడక నేర్పే కడ్డీల మధ్య నిలబెట్టి, పట్టీ చుట్టి, కాలు బకెట్టులోకి దింపి బరువు మోపమన్నాడు.

ఇదేంటండీ కొత్తగా అని ఆవిడ అడిగింది. అక్కడ నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. కానీ ఎన్నాళ్ల నుంచో ఆయన పనితనాన్ని ఎవరూ వింతగా చూడలేదు. విదేశాల్లో పెద్ద పెద్ద యూనివర్సిటీల్లో ఇలాగే తీస్తారమ్మా, ఇక్కడ మా దగ్గర తప్ప ఎక్కడా దొరకదు అని కాస్త ఛాతీ విరిచి చెప్పాడు.

పట్టీ ఇంకా గట్టిపడకముందే బావమరిది సంచులతో లోపలికొచ్చాడు. బకెట్టును చూశాడు. నిలబడి ఉన్న మనిషిని చూశాడు. నేర్చుకునే రోజుల్లో స్టూలు జరిపినందుకు తన మణికట్టు మీద కొట్టిన బావ, ఈ రోజు స్టూలునే మూలకు తోసేశాడు.

"మీ బావగారు ఎంత తెలిసినవారండీ," అంది మీటరమ్మ సంబరంగా. "ఇది విదేశాల్లో చదువుకునేవాళ్ల పద్ధతటగా."

బావమరిది సంచులు కింద పెట్టి, వచ్చి ఆవిడ భుజం పట్టుకుని కదలకుండా ఆనుకోమన్నాడు. అచ్చు ఊడదీసి, తుడిచి, ఆవిణ్ని ఆటో ఎక్కించి వచ్చాడు.

"ఆ పాఠం ఎన్నిసార్లు చూశావు బావా?"

"లెక్కపెట్టలేదురా."

"దండగ పాఠం అన్నిసార్లు ఎందుకు చూసినట్టు?"

తిట్టినా బాగుండేది. వాడు ప్లాస్టరు పడ్డ నేల కడగడం మొదలుపెట్టాడు. ఇంట్లో చెబుతాడని మేస్త్రి ఆ రాత్రంతా ఎదురుచూశాడు. చెప్పలేదు. గురువారం కూడా చెప్పలేదు. ముద్దాయి చేతికే తీర్పు కాగితం ఇచ్చి పోయినట్టుంది ఆయనకు. వీడు నా పరువు కాపాడుతున్నాడా, ఆ మంచితనంలోనూ నన్ను మించాలనా అని దానికీ కుళ్లుకున్నాడు.

శుక్రవారం పొద్దున మీటరమ్మ కొత్త సాకెట్టు తొడుక్కుంది. కడ్డీలు పట్టుకుని ఒక అడుగు వేసింది. ఇంకోటి వేసింది. తర్వాత కడ్డీలు వదిలేసి, గుమ్మం దాటి, బయట మెట్లు దిగి, ఎక్కి వచ్చింది. ముఖంలో ఎక్కడా నొప్పి లేదు. తిన్నగా వచ్చి మేస్త్రి చెయ్యి పట్టుకుంది.

మేస్త్రి జీవితంలో అది గొప్ప రోజు కావాలి. కానీ ఆయన కళ్లు బావమరిది మీదే ఉన్నాయి. వాడు ఆవిడ నడకను రెప్ప వేయకుండా చూస్తున్నాడు. ఆకలిగా ఉన్నవాడు పక్కింటి కిటికీలోంచి వంటగది వంక చూసినట్టుంది ఆ చూపు. మూడో పాఠం చూస్తున్నప్పుడు తన ముఖం కూడా అలాగే ఉండి ఉంటుందని మేస్త్రికి అర్థమైంది. తేడా ఒకటే. తాను దొంగచాటుగా చూశాడు. వీడు తన మాట నమ్మి అసలు చూడనే లేదు.

చెయ్యి విడిపించుకుని, చెప్పులేసుకుని, నేరుగా అత్తగారింటికి నడిచాడు. దారిలో రెండుసార్లు వెనక్కి తిరిగి వెళ్లిపోదామనుకున్నాడు. సాయంత్రం దాకా ఆగితే చాలు, ఇంక ఎవరూ ఏమీ చేయలేరు.

అత్తగారు ఉతికిన బట్టలు మడతలు పెడుతోంది. భార్య కూడా అక్కడే ఉంది. మేస్త్రి కూర్చోలేదు.

"ఆ రోజు అబద్ధం చెప్పానత్తయ్యా. ఆ చదువు దండగ కాదు."

భార్య చేతిలోని దుప్పటి జారిపోయింది. అత్తగారు మాత్రం మడత పూర్తిచేసి అడిగింది. "ఎందుకు చెప్పారు?"

"కుళ్లుకున్నాను," అన్నాడు మేస్త్రి. వేరే మాట వెతికినా దొరకలేదు.

"కొట్టు నా ఆఖరి ఆధారం బాబూ. ఈసారన్నా నాకు నిజం కావాలి. అమ్మదగ్గ చదువేనా?"

"ఒక్క పాఠం దొంగతనంగా చూసి, ఇన్నాళ్లూ పుండు పడుతున్న మనిషిని నొప్పి లేకుండా నడిపించాను. వాడు మొత్తం చదివొస్తే నా మొహం చూసేవాళ్లుండరు. దాన్నిబట్టి మీరే చెప్పండి."

భార్య ఏదో అనబోయింది. అత్తగారు చేత్తోనే వారించి, అల్లుణ్ని ఎగాదిగా చూసింది.

"అంటే పంపమంటారా?"

"పంపండి. ఈ సాయంత్రంలోపు ఒప్పుకోవాలి."

ఆవిడ లేచి కొడుక్కి ఫోను చేయడానికి లోపలికి నడిచింది. మేస్త్రి గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. ఫోను మోగుతున్న శబ్దం వినబడుతోంది. ఇంకాసేపట్లో అవతల వాడు ఎత్తుతాడు, ఇంక అంతే. కడుపులో మళ్లీ భగ్గుమంది.

"అత్తయ్యా," అన్నాడు ఉండబట్టలేక, "అక్కడ చలెక్కువట. వాడికసలే చలి పడదు."

అత్తగారు వినిపించుకోలేదు. లోపల్నుంచి ఆవిడ గొంతు వినబడింది, సీటు ఒప్పుకున్నట్టు ముందు రాసెయ్, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం అంటూ.