వీరవేణి పాస్‌పోర్టు

అద్లియాలోని అమెరికా రచయిత్రి ఇంట్లో మతం మారితేనే పనివాళ్ళకు పాస్‌పోర్టు చేతికిస్తారని, వీరవేణి మారింది కనుకనే ఆమెకు ఇచ్చారని 1995లో బహ్రెయిన్‌లోని మన కోస్తా వాళ్ళందరూ నమ్మేవారు.

కారణాలు లేకపోలేదు. పనిమనుషుల పాస్‌పోర్టులు కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, బీరువాలో ఉండటమే అక్కడి ఆనవాయితీ. వీరవేణిది మాత్రం ఆమె చేతిసంచిలోనే ఉండేది. పైగా ఆమె టీ మానేసింది. నెలలో మొదటి శుక్రవారం ఆ ఇంట్లో పొయ్యి వెలగదట.

మామీర్ కూలీల క్యాంపులో ఉండే ఆమె అన్న వెంకటరాజు, ఆ ఇంటికి నన్ను వెంట రమ్మన్నాడు.

"మీకు ఇంగ్లీషొచ్చు కదా మాస్టారూ. ఆవిడ మాటల్లో మెలిక ఎక్కడుందో మీరే పట్టాలి."

రసాయనశాస్త్రం బోధించి రిటైరైన నేను ఆ వదంతిని నమ్మలేదు, కొట్టిపారేయనూ లేదు. ప్రతిఫలం ఆశించని ఉదారతను నేనూ తేలిగ్గా ఒప్పుకోను.

మిసెస్ లొరేన్‌కు అరవై దాటాయి. మోర్మన్ అనే క్రైస్తవ శాఖకు చెందినావిడ. ఐదుగురు పిల్లల్ని పెంచుతూ భోజనాల బల్లమీదే పుస్తకాలు రాసిందట. తన ముత్తవ్వ అమెరికాలోని యూటాలో 1870లోనే ఓటు వేసిందని, స్త్రీల హక్కుల గురించి రాసినందుకు తన ఊరి మతపెద్దలే తనకు ముఖం చాటేశారని చెప్పింది. మాకు నిమ్మరసం ఇచ్చి, తాను ముట్టలేదు. నెలకో శుక్రవారం ఉపవాసమట, అది ఆ రోజేనట. టీ, కాఫీలు వారికి నిషిద్ధమట. అంటే వదంతికి ఆధారమైన రెండు సంగతులూ నిజమే. నా అనుమానం బలపడింది.

"ఆమె పాస్‌పోర్టు ఆమెకెందుకు ఇచ్చారు?" అని అడిగాను.

"అది ఆమెది కనుక."

అంత చిన్న సమాధానం నాకు సరిపోలేదు.

వంటింట్లో వీరవేణి నిన్నటి చేపలపులుసుతో అన్నం తింటోంది.

"ఉపాసం ఆవిడకండీ, నాక్కాదు," అంది నన్ను చూసి.

"మరి టీ ఎందుకు మానేశావే?" అన్నాడు వెంకటరాజు.

"ఈ ఇంట్లో టీపొడే ఉండదన్నయ్యా. అలవాటు తప్పిపోయింది."

"కబుర్లు చెప్పకు. పాస్‌పోర్టు నా దగ్గరుంటుంది. ఈ నెలలోనే నిన్ను ఊరికి పంపేస్తాను."

"కఫీల్ దాచుకుంటే ఒక్కళ్ళూ నోరెత్తరు. నా దగ్గరుంటేనేనా మీకు నిద్ర పట్టట్లేదు?"

అతడు కొక్కేనికి వేలాడుతున్న సంచిలోంచి దాన్ని తీసి జేబులో వేసుకున్నాడు.

"నాకీ పని కావాలన్నయ్యా," అంటూ ఆమె ఎంగిలిచేత్తోనే గుమ్మందాకా వచ్చింది. అతడు వెనుదిరగలేదు.

ముందుగదిలో ఉన్న లొరేన్‌కు ఇదేమీ తెలియదు. ఎండగా ఉందని మమ్మల్ని తన కారులో పంపింది. దారిలో బాంగు వినబడగానే డ్రైవర్ బషీర్ ఒక మసీదు ముందు కారాపి నమాజుకు వెళ్ళాడు. చెమట తుడుచుకునే కాగితం కోసం వెంకటరాజు ముందుసీటు ఎదుటి అర తెరిచాడు. లోపలున్నదాన్ని విప్పి చూసి, మళ్ళీ అక్కడే పెట్టేశాడు.

బషీర్ తిరిగి రాగానే, "గాడీ వాపస్ తిప్పు భాయ్. చెల్లెలి సామాన్ ఒకటి ఇచ్చెయ్యాలి," అన్నాడు.

"ఏమైందయ్యా?" అన్నాను.

అతడు ఆ అరలోకి వేలు చూపించాడు. ఐదు పూటలా నమాజు చేసే బషీర్ ఆరేళ్ళుగా ఆ ఇంట్లోనే పనిచేస్తున్నాడు. అతని పాస్‌పోర్టు కూడా అతని దగ్గరే ఉంది.