రెండో రోజు

"సారు రాలేదా మేడం?"

నేను లాడ్జి మెట్లు దిగుతుంటే గైడ్ నా భుజం మీదుగా వెనక తలుపు వైపు చూస్తూ అడిగాడు. ఒంటరిగా కనిపించిన ఆడమనిషి వెనకాల ఎవరో ఒకరు వస్తూనే ఉండాలని లోకానికి ఒక నమ్మకం. "రాలేదండీ, నేనొక్కదాన్నే. పదండి," అన్నాను. అతను ఇంకోసారి తలుపు వైపు చూసి, అప్పుడు కారు తలుపు తీశాడు.

మాది కర్టెన్లు, దుప్పట్ల షాపు. సీజన్ సరుకు కొనడానికి ఈ ఊరి మిల్లుకి ఎప్పుడూ మా ఆయనే వస్తారు. ఈసారి షాపులో స్టూలు మీద నుంచి జారి మడమ బెణికించుకున్నారు. సరుకు ఆగదు కాబట్టి నన్ను పంపారు. "ఆ మిల్లువాళ్ళు మొండిఘటాలు. నాకే రెండు రోజులు పడుతుంది. నీకెన్నాళ్ళు పడుతుందో!" అని సాగనంపారు. షాపులో గుడ్డ కొలిచేదీ కత్తిరించేదీ, ధర నచ్చక మెట్లు దిగిపోయిన గిరాకీని నవ్వుతూ వెనక్కి పిలిచేదీ నేనే. ఆయన మాత్రం వచ్చినవాళ్ళతో "మా ఆవిడ కాస్త సాయం చేస్తూ ఉంటుంది" అంటారు. సాయానికి జీతం ఉండదు, సెలవూ ఉండదు.

మిల్లులో బేరం మొదటి రోజు మధ్యాహ్నానికే తెగింది. ఆయన రెండు రోజులు చేసే పని ఒక్క పూటలో ముగించానని నాలో నేనే పొంగిపోయాను. ఖర్చులు పోగా మిగిలిందే లాభం. ఈ లెక్కన ఈ రోజు నా లాభం. దీన్ని ఇంటికి మోసుకెళితే గుమ్మంలోనే ఎవరో ఒకరు పంచుకుంటారు, ఇక్కడే ఖర్చు పెట్టేయాలి. మిల్లు గుమస్తానే ఫోన్ చేసి గైడ్‌ని కుదిర్చాడు. "మా దగ్గర సరుకు కొనేవాళ్ళంతా ఇతన్నే పిలుస్తారమ్మా," అన్నాడు.

పొద్దున్నే అత్తయ్యకి ఫోన్‌లో చెప్పాను, ఊరు చూస్తానని. "ఒక్కదానివే చూసి ఎవరికి చెప్తావే?" అంది. నాకే చెప్పుకుంటానని అనబోయి, "సిగ్నల్ సరిగా లేదత్తయ్యా," అని పెట్టేశాను.

ఊళ్ళు చూడనిదాన్నేం కాదు. ఏటా అందరం కలిసి ఎక్కడికో ఒకచోటికి వెళ్తాం. కోట దగ్గర ఆగగానే ఆయన అంటారు, "అమ్మకి మోకాళ్ళ నొప్పులు, నువ్వు తోడుండు. సామాన్లు కూడా చూస్తూ ఉండు. మేం ఇలా వెళ్ళి అలా వచ్చేస్తాం." ఇలాకీ అలాకీ మధ్య నాకో పూట గడిచిపోతుంది. అందుకే నాకు తెలిసిన కోటలన్నీ గుమ్మం దాకానే. ఏ కోట బయట బెంచీకి నీడ ఉంటుందో, ఏ మ్యూజియంలో బాత్రూం గొళ్ళెం పడదో నన్నడగండి. లోపల ఏముందో మాత్రం వాళ్ళు తెచ్చిన ఫోటోల్లో చూడాలి. ఈ రోజు నాకు కావలసింది ఒక్కటే. ఏదో ఒకటి చివరిదాకా ఎక్కి, పైనుంచి కిందికి చూడాలి.

మ్యూజియంలో పాత నేత బట్టల ముందు నా ఇష్టమొచ్చినంత సేపు నిలబడ్డాను. "ఇంకా అవలేదా?" అని ఎవరూ అనలేదు. నది మీద వంతెన ఆ చివరికంటా నడిచి, మళ్ళీ ఈ చివరికి వచ్చాను. ఆకలేసినప్పుడు తిన్నాను. ముందు ఎవరికీ వడ్డించకుండా తినడం ఎంత తేలికో ఆ పూటే తెలిసింది.

ఎండ కాస్త తగ్గాక కోట బురుజు దగ్గరికి వచ్చాం. తల పూర్తిగా వెనక్కి వంచితే గానీ కొస కనిపించలేదు.

"మీరు ఇక్కడ నీడలో కూర్చోండి మేడం. ఫోన్ ఇస్తే నేను పైకెళ్ళి ఫోటోలు తీసుకొస్తా," అన్నాడు గైడ్.

"నేనెందుకు ఎక్కకూడదు?"

"ఎక్కకూడదని కాదండీ, మెట్లు బాగా నిటారుగా ఉంటాయి. మీ సారే ఎక్కలేరు. ప్రతిసారీ సగంలో కిటికీ దగ్గర కూలబడిపోతారు."

"ఏ సారు?"

"భలేవారే! మీ సారేనండీ, కర్టెన్ల సారు. గుమస్తాగారు మీ షాపని చెబితే ఆయనా వచ్చారేమో అనుకున్నా. సీజన్ సీజన్‌కీ రెండో రోజు నాతోనే కదా తిరుగుతారు. బేరం మొదటి రోజు మధ్యాహ్నానికే అయిపోతుందిగా! జోకులు భలే వేస్తారు సారు."

రెండు రోజులూ ఒంటికాలి మీద నిలబడి బేరమాడానంటూ ఆయన ఇంటికొచ్చి సోఫాలో వాలిపోతే, వేడినీళ్ళ బకెట్టు తెచ్చి కాళ్ళ దగ్గర పెట్టేదాన్ని. "పాపం, ఎంత నలిగిపోయాడో" అని అత్తయ్య కళ్ళు ఒత్తుకునేది. ఆ రెండు రోజులూ షాపు తెరిచి, మూసి, ఇంటికొచ్చి వంట చేసి, మళ్ళీ వేడినీళ్ళు కూడా నేనే. లాభమని నేను ఎగిరి గంతేసిన రోజు ఆయనకి ఎప్పటినుంచో మామూలుగా ముడుతూనే ఉంది. కోపం రావాలి. కానీ ముందు నవ్వొచ్చింది. ఇంతకాలం నన్ను గుమ్మం దగ్గర కూర్చోబెట్టిన మనిషి, తానూ పైదాకా వెళ్ళలేదు!

"పదండి, ఎక్కుదాం," అన్నాను.

మెట్లు నిజంగానే నిటారుగా ఉన్నాయి. సగంలో కిటికీ వచ్చింది. "సారు ఇక్కడే..." అని గైడ్ రొప్పుతూ చూపించాడు. చల్లటి గాలి తగులుతోంది, కూర్చోవడానికి అరుగు కూడా ఉంది. నాకూ ఆయాసంగానే ఉంది. గోడ పట్టుకుని, ఊపిరి తీసుకుని, పైమెట్టు మీద కాలు వేశాను. ఆ తర్వాత మోకాళ్ళు తిట్టాయి, గుండె తిట్టింది. తిట్లు నాకు అలవాటే, ఎక్కుతూనే ఉన్నాను.

పైన గాలి కొంగుని లాగేసింది. నది, వంతెన, అగ్గిపెట్టెలంత మిల్లు షెడ్లు, అన్నీ నా కిందే. చూస్తూ నిలబడ్డాను. ఫోన్ మోగింది.

"నీలం గుడ్డ తాను ఎక్కడ పెట్టావ్? గిరాకీ నిలబడి ఉంది," అన్నారు మా ఆయన.

"రెండో అరలో, దుప్పట్ల పక్కన."

"బేరం ఎంతవరకొచ్చింది? తెగలేదు కదూ? నే చెప్పలా?"

"నిన్న మధ్యాహ్నమే తెగిందండీ."

గిరాకీని కూర్చోమని ఆయన అనడం వినిపించింది.

"మరి... ఇప్పుడెక్కడున్నావ్?"

"బురుజు మీద. పైన. గైడ్ మిమ్మల్ని అడిగానని చెప్పమంటున్నారు."

"అది కాదే... ఎప్పుడైనా ఓ గంట ఖాళీ దొరికితే..."

"తప్పేముందండీ, చూడదగ్గ ఊరే. ఇకమీద సరుకుకి నేనే వస్తాను."

"ఇక్కడ షాపు, ఇల్లు ఎవరు చూస్తారు?"

"మీరున్నారుగా. ముందు ఆ గిరాకీని చూసుకోండి," అని ఫోన్ సంచిలో పడేశాను.

నదికి అవతల కొండ మీద ఏదో మెరుస్తోంది. అదేమిటని అడిగాను.

"పాత అద్దాల మేడ మేడం. చాలా బావుంటుంది. కానీ దానికి పొద్దున్నే బయల్దేరాలి."

"అయితే వచ్చే సీజన్‌కి అదే చూద్దాం. ముందుగా ఫోన్ చేసి గుర్తు చేయండి."

"అలాగే మేడం. సారు నంబరు నా దగ్గరుందిగా."

"అది తీసెయ్యండి," అన్నాను. "నాది రాసుకోండి."