వణకని తలుపు

ఆ వీధిలో పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టగానే ఆడవాళ్ళు తలుపులకు స్టూళ్ళు అడ్డం పెట్టుకునేవాళ్ళు. ఆ వీధి వడ్రంగి ఒంట్లో నొప్పి బిళ్ళ ప్రభావం తగ్గే వేళకి అతను బిగించిన తలుపులన్నీ గడగడా వణికేవి. "లేచినట్టున్నాడు" అనుకుని ఎవరి పనిలో వాళ్ళు పడిపోయేవాళ్ళు.

నిచ్చెన మీంచి పడి నడుం విరిగినప్పుడు అతను పనిచేసే కంపెనీ డాక్టరు రాసిన నొప్పి బిళ్ళలవి. "ఇవి అలవాటు కావయ్యా, పూచీ నాది" అన్నాడు. నడుం అతుక్కుంది, బిళ్ళ మాత్రం వదల్లేదు. పూచీ ఇచ్చిన పెద్దమనిషి ఇప్పుడు ఎదురుపడితే రోడ్డు దాటేస్తాడు.

రెండో దెబ్బ పెళ్ళాం కొట్టింది. ఆ బిళ్ళ మాన్పించడానికి నాలుక కింద పెట్టుకునే మందిచ్చి, గోరంత ముక్కతో మొదలుపెట్టమంది నర్సు. గోరంతతో ఏం బాగుపడతాడని పెళ్ళాం మొత్తం ఒకేసారి పెట్టింది, కొత్తరకం నొప్పి మందని చెప్పి మరీ. అది పాతమందుని మెడపట్టి బయటికి గెంటింది. చెమటలు, వాంతులతో అతను నేలమీద కొట్టుకుంటుంటే వీధిలో తలుపులు బందులు ఊడి పడ్డాయి.

అప్పట్నించీ వెనకగదిలో గడియ వేసుకుని ఉంటున్నాడు. బిళ్ళలు దిండు కింద. కోపం కొద్దీ గుప్పెడు మింగితే మళ్ళీ లేవడని పెళ్ళాం భయం.

"తలుపు తియ్యవయ్యా, నర్సమ్మ వచ్చింది."

"ఈసారి ఏ పేరు చెప్పి పెడతావే నోట్లో?"

"అన్నా, నీ బిళ్ళలు లాక్కోను" అంది నర్సు. "అవి మింగుతూనే ఇది కాస్త కాస్త పెట్టుకో. ఇది నిలదొక్కుకున్నాక అవి మానేద్దువుగాని."

"ఆ డాక్టరూ ఇంత తియ్యగానే చెప్పాడు."

"నన్ను నమ్మకు" అంది పెళ్ళాం. "నువ్వు బిగించిన తలుపుని నమ్ముతావుగా? అది వణికితే ముక్క ఉమ్మెయ్."

లోపల గడియ తీసిన చప్పుడైంది. తర్వాత తలుపు జానెడు తెరుచుకుంది. ఓ అరచెయ్యి బయటికొచ్చింది. నర్సు అందులో గోరంత ముక్క పెట్టింది.

"ఇంతేనా? చీమకి కూడా సరిపోదు!"

"అందుకే పాత బిళ్ళకి తెలీదు, ఇంట్లోకి ఇంకోడు దూరాడని" అంది నర్సు.

ముక్క నాలుక కింద పెట్టుకుని, తలుపు మూసి దానికి వీపు ఆనించి పళ్ళు బిగబట్టాడు. అవతల పెళ్ళాం ద్వారబంధం పట్టుకుని నిలబడింది. తలుపు కదల్లేదు.

ఎదురింటి ముసలమ్మ గట్టిగా కేకేసింది. "ఏమే, నీ మొగుడు బతికే ఉన్నాడా? మా తలుపు ఉలకదు పలకదు!"

"ఉన్నాను గానీ, ఆ స్టూలు తీసి కూర్చోవమ్మా!" అన్నాడు లోపల్నించి.

ముక్క రోజురోజుకీ కాస్త పెరిగింది, దిండు కింద బిళ్ళలు తగ్గాయి. వీధి తలుపులు నిశ్శబ్దంగా నిలబడ్డాయి. పెళ్ళాంతో మాత్రం అతను మాట్లాడలేదు. ముక్క నర్సు చేత్తోనే తీసుకునేవాడు.

ఓ పొద్దున నర్సు రాలేదు. ముక్క పెళ్ళాం చేతిలో ఉంది. అతను ఆ చేతిని చూశాడు. కదలని తలుపుని చూశాడు. తర్వాత నోరు తెరిచాడు.

మాట్లాడటానికి కాదు. నాలుక పైకెత్తాడు.