పిల్లి గోళ్లు

సౌదీలోని ఖతీఫ్‌లో, వీసా ఇచ్చి తెచ్చుకున్న మా కఫీల్ ఇంట్లో తోటపని నాది. ఆయనను బాబా అంటాం. కొత్త సోఫాలు వచ్చిన వారానికే పిల్లి వాటిని చీరేసింది. దవాఖానాలో దాని గోళ్లు తీయించుకు రమ్మన్నాడు బాబా. ఊళ్లో ఎన్ని గొర్రెల గిట్టలు చెక్కలేదు, దీనికి దవాఖానా దేనికి అనుకున్నాను. మోకాళ్ల మధ్య పట్టుకుని గోళ్ల కొసలు కత్తిరించి, అయిందని చెప్పాను.

రెండు వారాలకు మళ్లీ చీరింది.

"తీయించమంటే కత్తిరించావా? ఈరోజు తీయించు, లేకపోతే చేపల మార్కెట్లో వదిలెయ్" అన్నాడు బాబా.

డ్రైవర్ కాలేషాది కడప. పశువుల దవాఖానాకు తీసుకెళ్లాడు. అక్కడ పనిచేసే మెహజబీన్‌ది హైదరాబాదు.

"గోరొక్కటే రాదన్నా, బొక్కతోని పోతది. గీడిదాంక" అంటూ నా వేలి కొస ఎముకను కణుపు దాకా పట్టి చూపింది. "మా డాక్టర్ జెయ్యడు."

"జేసేటోళ్లు ఉన్నరా?" అన్నాను.

"ఉంటరేమో. నన్ను అడగకు."

బుట్టలో పిల్లితో బయట కూర్చున్నాం.

"ఏం లచ్చన్నా, గొర్రెల డాక్టరువి గదా, నువ్వే చెప్పు" అన్నాడు కాలేషా.

"నవ్వకు. వేళ్లు పోతె ఇల్లుంటది, వేళ్లుంటె ఇల్లు పోతది. ఏది మంచిది?"

"నాకేం తెలుసప్పా. మార్కెట్లో ఒక్కో పిల్లి కుక్కంత ఉండాది. ఇదేమో ఏసీలో పండుకునేది."

మెహజబీన్ కాగితం పట్టుకుని వచ్చింది. "పెంచుకునేటోళ్లు దొరికేదాంక మేమే ఉంచుకుంటం. ఓనర్ సంతకం కావాలె."

బాబాకు ఫోన్ చేస్తే ఇంకో డాక్టర్ దగ్గరికి పొమ్మంటాడు. ఓనర్ అన్నచోట నా పేరు రాశాను. ఇఖామా కార్డు నంబరూ నాదే.

"ఇది దొంగతనమా?" అని అడిగాను.

"తెలీదు. దొరికేది మాత్రం నువ్వే" అన్నాడు కాలేషా.

బాబా గేటు దగ్గరే ఉన్నాడు. ఖాళీ బుట్టను చూసి, "అక్కడే ఉంచుకున్నారా?" అన్నాడు. ఆపరేషన్ చేసి ఉంచుకున్నారనుకున్నాడు. అవునన్నాను. బుట్ట అందుకున్నాడు.

"ఏడ్చిందా?"

లేదన్నాను.

"రేపు నేనూ వస్తాను. చూసొద్దాం."

గోళ్లతో పాటు ఏం పోతుందో ఆయనకు ఎవరైనా చెప్పారో లేదో. తెలిసే పంపాడో, తెలియకనో. అడుగుదామంటే నాకున్న అరబ్బీ పనికి సరిపోయేంతే. సరేనన్నట్టు తల ఊపాను.